పినోల్ మోకరిల్లిన రోజు

మొనింబో, మసాయా
జనవరి 22

లిసాంద్రోకి,

రెండేళ్ళ మూడు నెలలుగా నీకు ఒక్క ముక్క రాయలేదు. జైలు నుంచి నువ్వు రాసిన ఉత్తరాలు వచ్చినవి వచ్చినట్టే మరియమ్మ పటం వెనక పెట్టాను. కొన్ని చదివాను, కొన్ని విప్పనే లేదు. ఇప్పుడు కలం పట్టింది కోపం తగ్గి కాదు. నీ కుక్క కోసం. దాని సంగతి నిన్ను కాక ఇంకెవరిని అడగను?

వానలు వెనకబట్టినప్పటి నుంచి పినోల్ కుండల కొద్దీ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. పెట్టిందంతా తింటుంది, అయినా పక్కటెముకలు బయటికొచ్చాయి. పెరట్లో అది పోసిన చోట చీమలు పట్టడం చూసి పశువుల డాక్టరమ్మ ఇలియానా దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడ చెవి కొసన గుచ్చి ఒక చుక్క రక్తం చూసి, షుగరు అంది. "కుక్కకు కూడానా డాక్టరమ్మా?" అన్నాను. "మనుషుల జబ్బులన్నీ వాటికీ వస్తాయి, మనుషుల పాపాలే రావు" అని నవ్వింది. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ సూది వెయ్యాలట. నాకు చేతకాదన్నాను. నారింజకాయ చేతికిచ్చి, దానికి గుచ్చి గుచ్చి నేర్చుకోమంది. వారం రోజులు నారింజకాయకు వైద్యం చేశాను.

బాగానే ఉంది అనుకుంటుండగా మొన్న మంగళవారం పొద్దున నేను ఊయల అల్లుతుంటే మగ్గం కింద దబ్బుమని పడింది. నాలుగు కాళ్ళూ నీళ్ళలో ఈదుతున్నట్టు కొట్టుకుంది. నోట నురగ వచ్చింది. పడ్డచోటే పోసుకుంది. నేను ఏదో సోకిందనుకుని దీవించిన నీళ్ళు చల్లాను. నాలుగు నిమిషాలకు లేచింది కాని నన్ను గుర్తుపట్టలేదు. గోడను గుద్దుకుంటూ తిరిగింది.

డాక్టరమ్మ ఒకటే అడుగుతోంది. సూది వల్ల రక్తంలో షుగరు మరీ పడిపోయి ఫిట్స్ వచ్చాయా, లేక చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బా అని. తోళ్ళు పదును చేసే చోటి కాలువలోంచి దాన్ని ఏరుకొచ్చింది నువ్వు. చిన్నప్పుడు ఇలా ఎప్పుడైనా పడిందా? అది చెబితే చాలు.

నీ కత్తి దిగిన నార్సిసో చెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోదు. ఆదివారం పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునేటప్పుడు అందరికీ ఎడమ చెయ్యే ఇస్తాడు. నేను మరిచిపోయాననుకుంటావేమోనని రాస్తున్నాను.

తొమాసా


జైలు, తూర్పు వార్డు
ఫిబ్రవరి 6

అక్కా,

"ఒరేయ్ చెప్పులోడా, నీకు ఉత్తరం! రాత చూస్తే మఠంలో కన్యాస్త్రీలా ఉంది. ఎవర్రా పాపం ఆవిడ?" అన్నాడు గార్డు. "మా అక్క" అన్నాను. "నీకు అక్క కూడా ఉందా?" అన్నాడు. రెండేళ్ళలో వాడికి ఆ అనుమానం రావడంలో తప్పేం లేదులే.

పినోల్‌కి చిన్నప్పుడు ఫిట్స్ ఎప్పుడూ రాలేదు. ఒకసారి గట్టి అట్ట అంతా నమిలి మింగేశాడు, దానికీ పడలేదు. కాబట్టి ఇది సూది పనే. నేను చెప్పేది జాగ్రత్తగా విను. ముందు అన్నం, తర్వాత సూది. వాడు పళ్ళెం నాకడం నీ కళ్ళతో చూడు. అప్పుడే గుచ్చు. తినని పూట గుచ్చొద్దు, పరుగెత్తి డాక్టరమ్మని అడుగు. ఇందులో దయాదాక్షిణ్యాలు లేవు.

పడబోయే ముందు చల్లటి చెమట పోస్తుంది. నాలుక మొద్దుబారుతుంది. నోట్లో ఇత్తడి చప్పరించినట్టుంటుంది. పక్కనున్న మనుషులు గాజు పలక అవతల ఉన్నట్టు కనిపిస్తారు, మాటలు వినిపిస్తాయి కాని అర్థం కావు. ఆ లోపే బెల్లం. కొంచెం తడిపి చిగుళ్ళకు రాయి. గొంతులో పొయ్యకు, ఊపిరాడక చస్తాడు. పళ్ళ మధ్య వేలు పెట్టకు, వాడికి తెలియకుండానే కొరుకుతాడు. ఏప్రన్ జేబులో ఎప్పుడూ ఒక ముక్క ఉంచుకో. జపమాల పక్కనే ఉంచు, దేవుడేం అనుకోడు.

నవంబరులో నన్ను వదులుతారు. అప్పటిదాకా వాణ్ణి నిలబెట్టు అక్కా. నేను అడిగేది ఇదొక్కటే. వాడు లేకపోతే మొనింబోలో నన్ను చూసి తోక ఊపేదెవరు?

నార్సిసో చెయ్యి సంగతి నువ్వు రాయకపోయినా తెలుసు. తోలు కోసే కత్తి అది. ఏం తెగుతుందో, తెగింది ఎంత అతుకుతుందో కుట్టేవాడికి తెలియదా? ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. ఇక్కడ దొరకదు కాబట్టి అనుకో, అది కూడా నిజమే.

నీ తమ్ముడు
లిసాంద్రో


మొనింబో
మార్చి 12

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఈ నెలలో పినోల్ రెండుసార్లు వణికాడు. రెండుసార్లూ బెల్లం రాస్తే, పూర్తిగా పడకముందే తేరుకున్నాడు. రెండోసారి లేచి నా వేళ్ళు నాకాడు. నీ మాట పనిచేసిందని రాయడం నాకే విచిత్రంగా ఉంది.

కళ్ళు మాత్రం పోయాయి. పాల చుక్క వేసినట్టు తెల్లబడ్డాయి. షుగరున్న కుక్కలకు అలా అవుతుందట. ఇప్పుడు నా మగ్గం చప్పుడును బట్టి నడుస్తాడు. నేను అల్లడం ఆపితే ఎక్కడున్నాడో తెలియక నిలబడిపోతాడు. అందుకని పని లేకపోయినా చెక్క ఆడిస్తూ కూర్చుంటున్నాను.

ఒక సంగతి అడగాలి. నీ ఉత్తరంలోని ముక్క డాక్టరమ్మకు చదివి వినిపించాను, చల్లటి చెమట, ఇత్తడి రుచి, గాజు పలక అదంతా. ఆవిడ నవ్వుతూ విని, చివరికి నవ్వు ఆపేసింది. "కుక్కకు ఒంటికి చెమట పట్టదమ్మా. నోట్లో ఇత్తడి రుచి అని ఏ కుక్క చెప్పింది? ఇది రాసినాయన కుక్క గురించి రాయలేదు" అంది. ఇంటికొచ్చి ఆ ఉత్తరం మళ్ళీ చదివాను. ఎవరి గురించి రాశావు లిసాంద్రో?

ఇక మొక్కు సంగతి. కొబ్బరి మిఠాయిలమ్మే చెపీతా నీకు తెలుసు కదా, నిన్న మా గుమ్మంలో నిలబడి దులిపేసింది. "ఏమే తొమాసా, జపమాల తిప్పీ తిప్పీ వేళ్ళు అరిగాయి, లాజరయ్యకి మొక్కాలని తోచలేదా నీకు? ఆయన పుళ్ళు నాకి ఉపశమనం ఇచ్చింది కుక్కలే కదే! కుక్క మాటంటే ఆయన తీసెయ్యడు. నా కుంటి కుక్కను కూడా తీసుకొస్తున్నా, వెనక కాలు ఈడుస్తోంది. రాణి వేషం కట్టిస్తున్నా."

మట్టల ఆదివారానికి ముందు ఆదివారమే కదా, కుక్కలకు వేషాలు కట్టి లాజరయ్య ముందు వరసలో నిలబెట్టే పండగ. నేనూ మొక్కుకున్నాను. నీ పెట్టెలో మిగిలిన తోలు ముక్కతో పినోల్‌కి చిన్న ఏప్రన్ కుట్టాను, అచ్చం నువ్వు పనిలో కట్టుకునేలాంటిది. చెపీతా చూసి, "బిషప్పు కుక్కను చూశా, పెళ్ళికూతురు కుక్కను చూశా, చెప్పులు కుట్టే కుక్క ఇదే మొదలు. నా చెప్పు తెగింది, కుట్టమను" అని ఒకటే నవ్వు. చాలా రోజులకు నేనూ నవ్వాను.

నియమం తప్పకుండా ఇద్దరం వెళ్ళి వస్తాం. నువ్వు కూడా ఆ పూట ఒక జపం చెప్పు, వచ్చిందేదో.

అక్క తొమాసా


జైలు
మార్చి 25

అక్కా,

మీ డాక్టరమ్మ మహా గట్టిది. నిజమే, కుక్క చెప్పలేదు. మా గదిలో చూస్ అని ఒక ముసలాడున్నాడు, షుగరు మనిషి. వాడు చెబితే విని రాశాను. షుగరు ఉన్నవాళ్ళను తెల్లారకముందే వరసలో నిలబెట్టి సూదులు వేస్తారు. అన్నం బండి వచ్చేది తొమ్మిదికి, ఒక్కోసారి పదికి. అప్పటిదాకా వాడు గోడకానుకుని కూర్చుని జోకులు చెబుతుంటాడు. జోకు మధ్యలో ఆగితే మేం బెల్లం వెతుకుతాం. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. వాడి గురించి నువ్వు బెంగపడకు, అంత మంచివాడేం కాదు.

పినోల్ ఏప్రన్ కట్టుకుని వరసలో నిలబడతాడని అందరికీ చెప్పాను. గార్డు కూడా నవ్వాడు. కాని అక్కా, ఆ వరస నాకు తెలుసు, ఎండలో మూడు గంటలు పడుతుంది. పొద్దున కడుపు నిండా పెట్టి తీసుకెళ్ళు. నీళ్ళూ, బెల్లమూ దగ్గరుంచుకో. లాజరయ్య మీద నాకు కోపం లేదు, వరస మీదే నమ్మకం లేదు.

జపం చెబుతాను. సగమే గుర్తుంది, ఆ సగం రెండుసార్లు చెబుతా.

లిసాంద్రో


మొనింబో
ఏప్రిల్ 4

ప్రియమైన తమ్ముడికి,

పినోల్ ఆదివారం మధ్యాహ్నం మగ్దలేనా మరియమ్మ గుడి ఆవరణలో, పునీత లాజరు స్వరూపం ముందు చనిపోయాడు. ముందు కాళ్ళు మడిచి మోకరిల్లాడు. వందలమంది చూశారు. బ్యాండు వాళ్ళు వాయించడం ఆపారు. ఇంత ధన్యమైన చావు మనుషులకే దొరకదని అందరూ అంటున్నారు. ఆ చోట ఇప్పటికే కొవ్వొత్తులు పెడుతున్నారు. ఫాదరు కూడా ప్రసంగంలో ఒక మాట చెప్పారు.

పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాం. ఏప్రన్ తియ్యలేదు. చెపీతా చాలా ఏడ్చింది.

జబ్బు పెద్దది, అది ముదిరింది. దేవుడి చిత్తం. నువ్వు బాధపడకు. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

తొమాసా


జైలు
ఏప్రిల్ 20

అక్కా,

రాత వంకరగా ఉందని ఏమనుకోకు, మణికట్టు బెణికింది. ఎలా బెణికిందో చెబుతాను, తొందరలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మోకరిల్లాడంటే నవ్వొచ్చింది, వాడు జన్మలో చెప్పిన మాట వినలేదు, కూర్చోమంటే పడుకునేవాడు. తర్వాత ఏడుపొచ్చింది. నీ చేతి బీన్సూ అన్నమూ తిని, కడుపు నిండా పోయాడు కదా, అంతే చాలు. రెండేళ్ళు నా కుక్కను నీ బిడ్డలా చూశావు. నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియదు.

ఇప్పుడు దాచి లాభం లేదు. చూస్ అనేవాడెవడూ లేడు. ఆ షుగరు మనిషిని నేనే. జబ్బు వచ్చి పద్నాలుగు నెలలయింది. నీతో చెబితే జాలి కోసం వేషాలంటావని చెప్పలేదు. పోయిన సోమవారం సూది వేశాక బండి రాలేదు. పంపు దగ్గర పడ్డానట. పళ్ళు రెండు ఊడాయి, చెయ్యి బెణికింది. "చెప్పులోడు ఈదుతున్నాడ్రా" అని ఎవరో అన్నారట, అందరూ నవ్వారట. నువ్వు మొదటి ఉత్తరంలో అదే మాట రాశావు, నీళ్ళలో ఈదుతున్నట్టు అని.

నీ జనవరి ఉత్తరం వచ్చిన రోజు నేనొక లెక్క పెట్టుకున్నాను. వాడికీ అదే జబ్బు, నాకూ అదే. వాడికీ సూది, నాకూ సూది. వాడు నవంబరు దాకా ఉంటే నేనూ ఉంటాను. పిచ్చి లెక్కే. కాని ఇక్కడ మనిషికి ఏదో ఒకటి కావాలి. ఇప్పుడు నువ్వే రాశావు, జబ్బు పెద్దది, ముదిరింది అని. ఇంత బాగా చూసుకున్నా, సాక్షాత్తూ లాజరయ్య ముందే ప్రాణం నిలవలేదంటే, నన్ను చూసే దిక్కెవరు? ఈ మధ్య పొద్దున్నే వరసలో నిలబడాలనిపించడం లేదు. బండి వచ్చినా లేవాలనిపించడం లేదు.

నిన్ను భయపెట్టడానికి రాయలేదు. నాకింకెవరూ లేరు కాబట్టి రాశాను.

లిసాంద్రో


మొనింబో
మే 3

నా తమ్ముడు లిసాంద్రోకి,

ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. జైలుకు వచ్చే ఫాదరు చేతికిస్తున్నాను, విప్పకుండా నీకే ఇస్తానని మాటిచ్చారు. నీకు నిజం రాయాలి.

పినోల్‌ను జబ్బు చంపలేదు. నేను చంపాను.

అమ్మ మనకు నేర్పింది గుర్తుందా, మొక్కు తీర్చే రోజు పరగడుపున వెళ్ళాలని? శనివారం సాయంత్రం నుంచి నేను ఏమీ ముట్టలేదు. మొక్కు వాడి కోసం, స్వామి ముందు నిలబడేది వాడు. మరి వాడొక్కడూ తిని రావడమేమిటి అనిపించింది. ఆదివారం పొద్దున పళ్ళెం తియ్యలేదు. వాడు వచ్చి, పళ్ళెం ఉండే చోట నేల నాకి, నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఈ ఒక్క పూట ఓర్చుకోరా, నీ కోసమే" అన్నాను. సూది మాత్రం వేశాను. ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరమ్మ మొదట్లో చెప్పింది. ఆ మాట పట్టుకున్నాను, అన్నం తర్వాతే అన్న మాట పక్కన పెట్టాను.

తెలియక కాదు తమ్ముడూ. నీ మార్చి ఉత్తరం శనివారమే చేతికొచ్చింది. కడుపు నిండా పెట్టి తీసుకెళ్ళమన్నావు. చదివి, జైల్లో ఉన్నవాడా నాకు మొక్కు ఎలా తీర్చాలో చెప్పేది అనుకున్నాను. సరిగ్గా ఈ మాటే అనుకున్నాను.

వరసలో రెండున్నర గంటలు నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. చెపీతా, "నీ చెప్పులోడు నీరసంగా ఉన్నాడే" అంది. "భక్తి" అన్నాను. స్వామి ముందుకు వచ్చేసరికి వాడి ముందు కాళ్ళు వణికి మడతపడ్డాయి, తల నేలకు ఆనింది. వెనక నుంచి ఎవరో ఆడమనిషి "మోకరిల్లింది! కుక్క మోకరిల్లింది!" అని అరిచింది. బ్యాండు ఆగింది. మగవాళ్ళు టోపీలు తీశారు. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా మోకాళ్ళ మీద కూలబడ్డారు.

అది ఏమిటో నాకు తెలుసు. ఇంట్లో రెండుసార్లు చూశాను. చెయ్యి అప్పటికే నా ఏప్రన్ జేబులో ఉంది. బెల్లం వేళ్ళకు తగులుతోంది. తియ్యలేదు. తీస్తే అది ఫిట్స్ అయిపోతుంది. తియ్యకపోతే అద్భుతం. మంగళవార్త జపం మూడుసార్లు చెప్పేంత సేపు నేను అలాగే నిలబడ్డాను. ఇంతమందిలో దేవుడు నా ఇంటి కుక్కను ఎంచుకున్నాడని నా గుండె పొంగింది. నిజం చెబుతున్నాను, పొంగింది.

తర్వాత వాడు పక్కకు ఒరిగి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు తీశాను. దవడలు బిగుసుకుపోయాయి. పెదవి పైకెత్తి రాశాను, రాస్తూనే ఉన్నాను. "ఏం రాస్తున్నావే, దీవించిన నూనెనా?" అని చెపీతా అడిగింది. అవునన్నాను. డాక్టరమ్మ కోసం ఎవరో పరుగెత్తారు. ఆవిడ వచ్చేసరికి అంతా అయిపోయింది. "పొద్దున ఏం తిన్నాడు?" అని అడిగింది. "బీన్సూ, అన్నం" అన్నాను. ఆవిడ నా ముఖం చూసి, వాడి కళ్ళు మూసింది.

ఫాదరు దగ్గర పాపసంకీర్తనంలో చెప్పాను. క్షమించారు. ఆ రోజు నుంచి మగ్గం మీద కూర్చుంటే చేతులు ఆడడం లేదు. రెండేళ్ళుగా నార్సిసో ఎడమ చెయ్యి చూసినప్పుడల్లా, నా తమ్ముడి చేతికి ఆ క్షణంలో బుద్ధి లేకపోయిందే అనుకునేదాన్ని. నువ్వు తాగి ఉన్నావు. నేను తాగి లేను. ఉపవాసంలో ఉన్నాను.

అందుకే నీ లెక్క తప్పు. వాడు నవంబరు దాకా ఉండేవాడు. అన్నం పెట్టిన ప్రతి రోజూ ఉన్నాడు, కళ్ళు పోయినా ఉన్నాడు. వాడి పేరు మీద నీ ప్రాణాన్ని లెక్కగట్టకు. ఈ జబ్బుతో బతకొచ్చని వాడు నాకు చూపించాడు. పరగడుపున సూదితో బతకడం కుదరదని కూడా వాడే చూపించాడు.

డాక్టరమ్మను అడిగి, మనుషుల డాక్టరు ఒకాయనతో ఒక కాగితం రాయించాను, తిన్న తర్వాతే నీకు సూది వెయ్యాలని. ఫాదరు దాన్ని జైలు డాక్టరు చేతికే ఇస్తారు. వాళ్ళు వింటారో లేదో తెలియదు. అందాకా ఈ సంచిలో చొక్కా ఉంది. కింది అంచు మడతలో పన్నెండు బెల్లం ముక్కలు కుట్టాను. దారం కొస ఎడమ వైపుంది, లాగితే వస్తుంది. గార్డు అడిగితే, మా అక్కకు కుట్టడం రాదు, అంచులు లావుగా వేస్తుంది అని చెప్పు. శనివారం కలుసుకునే రోజట కదా. నేను వస్తున్నాను. ఇంకో పన్నెండు తెస్తాను. ప్రతి శనివారం తెస్తాను.

ఈ కాగితాలు దాచుకో తమ్ముడూ. ఎవరికీ చూపించకు. సిగ్గుపడి కాదు, నాకిప్పుడు ఆ సిగ్గు కూడా ఎక్కువే. చెపీతా రోజూ ఆ చోట కొవ్వొత్తి పెట్టి తన కుంటిదాని కాలు కోసం ఏడుస్తోంది, ఆవిడ చెవిన ఇది పడకూడదు. నీ దగ్గరే ఉండనీ. తెల్లారకముందే వరసలోకి పిలిచినప్పుడు, లేవబుద్ధి కానప్పుడు, నువ్వొక్కడివే తీసి చదువుకో. చదివి, ముందు ఒక ముక్క నోట్లో వేసుకో.

నీ అక్క
తొమాసా